గ్రాఫిక్స్ కార్డు విప్పే ముందు ఒక స్క్రీన్‌షాట్

కంప్యూటర్ తెర మీద రంగు గళ్లు, గీతలు రాగానే గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే భాగం) పోయిందని టెన్షన్ పడకండి. అవి కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌కు పంపి చూడండి. ఫోన్‌లోనూ గీతలుంటే దాదాపుగా కార్డుదో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌దో తప్పు. బొమ్మ శుభ్రంగా ఉంటే ముందు కేబుల్, మానిటర్ మార్చి చూడాలి. నేను ఈ పని చేయకుండా కార్డు విప్పి ఓ ఆదివారమంతా పాడుచేసుకున్నాను. తీరా చూస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ వదులు!

కార్డా, డ్రైవరా అని తేల్చాలంటే కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ (కొన్నిట్లో ఎఫ్2) నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. అప్పటికి విండోస్ డ్రైవర్ లోడ్ కాదు. అక్కడా గళ్లు కనిపిస్తే డ్రైవర్‌ను తిట్టుకుని లాభం లేదు. కరెంటు ప్లగ్ పీకేసి, కార్డు తీసి, బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, క్లిప్పు టక్‌మనేదాకా మళ్లీ నొక్కండి.

అయినా తగ్గకపోతే కార్డు తీసేసి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన బోర్డుకే) పెట్టి, ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్‌తో చూడండి. అప్పుడు గళ్లు పోతే తప్పు దాదాపుగా కార్డుదే. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండవు, తెర నల్లగానే ఉంటుంది.

ఆట మొదలైన కాసేపటికే గీతలొస్తే ముందు ఫ్యాన్లలో దుమ్ము చూడండి.