పచ్చడి మీద పగ వద్దు

గుంటూరులో ఉంటూ గోంగూర ముట్టనని ఒట్టు పెట్టుకుంటే అది ఆదివారం దాకా ఆగదు. ఒట్టు తప్పిన రోజు రెండింతలు లాగించి, సోమవారం నుంచి మళ్లీ కడుపు మాడ్చుకుంటాం. అందుకే ముందు ఆ ‘చెడ్డ తిండి’ లిస్టు చింపేయండి.

మా బ్రాడీపేట ఇంట్లో పద్ధతి చెప్తాను. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుంటాను. అన్నం ఆ తర్వాత, మిగిలిన చోట్లోనే. పచ్చడి మొదటి రెండు ముద్దలకి. వేడన్నంలో కాస్త నెయ్యి, గోంగూర, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. ఆ ముద్ద నోట్లో ఉండగా ఫోన్ చూస్తే పాపమే! పులుపు ముందు తగులుతుంది, కారం వెనకాల వస్తుంది. నిదానంగా నమలండి. పొట్ట నిండిన కబురు మెదడుకి చేరడానికి 20 నిమిషాల దాకా పడుతుంది కాబట్టి, మారు వడ్డించుకునే ముందు కాసేపు ఆగండి.

ఉప్పు దగ్గర మాత్రం మొహమాటం లేదు. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి ఉన్న రోజు కూరలో, మజ్జిగలో తగ్గించండి. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ మాటే వినాలి.

సాయంత్రం మిరపకాయ బజ్జీలా? ఆకలేస్తే తినండి, టెన్షన్ పోవడానికి కాదు. ప్లేట్లో పెట్టుకుని, కూర్చుని.

పెళ్లిలో “ఇంకో పూతరేకు వేసుకోవాల్సిందేనమ్మా” అని బలవంతం చేస్తే, “చాలు పిన్నీ, చాలా బాగుంది” అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా, రెండో బంతి లేచేసరికి మర్చిపోతారు.