ఓడలో ఏ బంతికి కూర్చోవాలి?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త లోపలగా నాకూ మా తమ్ముడికీ కలిపి ఒక టిఫిన్ హోటల్ ఉంది. మొత్తం ఎనిమిది బల్లలు. ఉదయం ఎనిమిదిన్నరకు వస్తే పెసరట్టు కోసం గోడకు ఆనుకుని నిలబడాలి. తొమ్మిదిన్నరకు వస్తే ఏ బల్ల కావాలంటే ఆ బల్ల. మా మేనమామకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టి ఆయన ఎప్పుడూ తొమ్మిదిన్నరకే వస్తారు. 2022 మే నెలలో ఒక రోజు మాత్రం సరిగ్గా రద్దీ వేళ వచ్చి, గల్లాపెట్టె పక్కన నిలబడి, చొక్కా జేబులోంచి కాగితాలు తీశారు. విశాఖ నుంచి చెన్నైకి విహార ఓడ టికెట్లు. జూన్‌లో ప్రయాణం, ఆయనకూ మా అత్తయ్యకూ.

"అల్లుడూ, మీ అత్తకు ఆయాసం సంగతి నీకు తెలియనిది కాదు. అంతమంది ఉండే ఓడలో జనం మీద పడకుండా నాలుగు మెతుకులు తినడం కుదురుతుందా? లేకపోతే ఈ డబ్బు మీద నీళ్లు వదులుకోమంటావా?"

నన్నే అడగడానికి కారణం ఉంది. తొమ్మిదేళ్లు ఓడల భోజనశాలల్లో వడ్డించాను. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడ ఆగిపోయి, అందులోని 3,711 మందిలో ఏడు వందల మందికి పైగా కరోనా వైరస్ సోకిందన్న వార్త నేను వేరే సముద్రంలో పళ్లేలు సర్దుతూ విన్నాను. మార్చిలో ఓడలన్నీ నిలిచిపోయాయి. ఇంటికి వచ్చాక హోటల్ పెట్టాం. 2021లో ఓడలు మళ్లీ కదిలినప్పుడు తమ్ముడికి హోటల్ అప్పగించి ఒక్క కాంట్రాక్టు చేసి వచ్చాను. మాస్కు పెట్టుకుని వడ్డించడం, ఒక బల్ల విడిచి ఒక బల్ల వేయడం, మెనూ కార్డు బదులు ఫోనులో వంటల జాబితా చూపించడం, లిఫ్టులో నలుగురికి మించి ఎక్కనివ్వకపోవడం, ఇవన్నీ అప్పుడే చూశాను. మావయ్యకు బిల్లు పుస్తకం వెనుక పేజీల్లో రాసిచ్చిన సంగతులే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఓడలో రద్దీ చోటును బట్టి ఉండదు, గంటను బట్టి ఉంటుంది. ఆదివారం అరసవల్లి వెళ్లి, స్వామి దగ్గర ఇంత జనమా అని విసుక్కునేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. అదే గుడికి బుధవారం సాయంత్రం వెళ్లి చూడండి. ఓడలో అయితే ఈ లెక్క ఇంకా తేలిక. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో ముందురోజు రాత్రే కాగితం మీద అచ్చువేసి గదిలో పెడతారు, లేదా ఫోనులోకి పంపిస్తారు. అందరూ ఆ కాగితం చూసి ఎక్కడికి వెళ్లాలో చూసుకుంటారు. మీరు అదే కాగితం చూసి ఎక్కడికి వెళ్లకూడదో చూసుకోండి.

భోజనం సంగతికి వస్తాను. నా తొమ్మిదేళ్లూ అక్కడే గడిచాయి.

పెద్ద భోజనశాలలో రాత్రి భోజనం చాలా ఓడల్లో రెండు విడతలు. పెళ్లిలో మొదటి బంతి, రెండో బంతి అన్నట్టే. మొదటిది ఆరు గంటల ప్రాంతంలో, రెండోది ఎనిమిదింబావుకో ఎనిమిదిన్నరకో. టికెట్టు కొన్నప్పుడే ఏ బంతి కావాలో అడుగుతారు. అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లో ముసలివారు, పిల్లలున్నవారు మొదటి బంతికే ఎగబడతారు, అక్కడ రెండోదే పలచన. మనవాళ్లు నిండుగా ఉన్న ఓడలో ఈ లెక్క తిరగబడుతుంది. సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లో మన దేశపు బృందాలకు నేను వడ్డించాను. ఆరు గంటలకు భోజనమంటే వారికి అది టీ తాగే వేళ. తొమ్మిదికి మాత్రం ఒక్కసారిగా వచ్చి పడేవారు. అందుకే మావయ్యకు మొదటి బంతి తీసుకోమన్నాను. "ఆరింటికి అన్నమా? ఆసుపత్రిలో కూడా ఏడింటికి పెడతారు కదా" అన్నారు ఆయన. మధ్యాహ్నం పన్నెండుకే తినేస్తే ఆరింటికి ఆకలి దానంతటదే వస్తుందని చెప్పాను.

బంతి ఖరారయ్యాక బల్ల. పదిమంది కూర్చునే గుండ్రటి బల్ల వద్దని, ఇద్దరికే సరిపోయే బల్ల గోడ వారనో కిటికీ పక్కనో కావాలని ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నమే హెడ్ వెయిటర్‌ను కలిసి అడగండి. సాయంత్రం అడిగితే ఆయన చేతిలో ఇరవై మంది కోరికలు ఉంటాయి. వంటగదిలోకి వెయిటర్లు వచ్చిపోయే తలుపు పక్క బల్ల మాత్రం ఒప్పుకోకండి, ఆ దారిన నిమిషానికి నలుగురు తిరుగుతారు. మీ బల్లకు రోజూ ఒకే వెయిటర్ ఉంటాడు. పప్పు, తెల్లన్నం, పెరుగు చాలు అనుకునే మా అత్తయ్యలాంటివారు ఆ మాట ముందురోజు రాత్రే అతనితో చెబితే మరునాటికి ఏర్పాటు చేస్తారు. మన దేశపు వంటవాళ్లు లేని ఓడను నేను చూడలేదు. ఇంట్లో వండిన తిండిని మాత్రం చాలా ఓడల్లో పైకి తీసుకురానివ్వరు, కాబట్టి ఆవకాయ జాడీ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక బఫే. కరోనా రోజుల్లో జనం అసలు భయపడవలసిన చోటు ఇదే, జనం ఎక్కువగా వెళ్లిందీ ఇక్కడికే. నేను మళ్లీ వెళ్లిన ఓడలో గరిటెలను ప్రయాణికుల చేతికి ఇవ్వలేదు, మేమే అద్దం వెనుక నిలబడి వడ్డించాం. గరిటె బెడద తప్పింది గానీ వరుస బెడద తప్పలేదు. వరుసకు ఉపాయం ఉంది. బఫే హాలు మధ్యలో నిలబడి చూస్తే కుడివైపు ఏ వంటలు ఉన్నాయో ఎడమవైపూ చాలా వరకు అవే ఉంటాయి. జనం మాత్రం ద్వారంలోకి అడుగుపెట్టగానే కనిపించిన మొదటి వరుసకే అతుక్కుంటారు. హాలు చివరిదాకా నడవండి. అక్కడ అదే ఇడ్లీ, అదే ఉప్మా, ముందు ఇద్దరే మనుషులు. పళ్లెం పట్టుకుని వెనుక డెక్ మీదికి, ఆరుబయటికి వెళ్లి తినండి. లోపల ఖాళీగా ఉన్న గది కన్నా బయట పదిమంది ఉన్న డెక్కే మేలని నా అభిప్రాయం. ఊపిరితో వచ్చే జబ్బుకు తలుపులు మూసిన గదే అనువు.

వేళలు కూడా చెబుతాను. ఓడ రోజంతా సముద్రంలోనే ఉండే రోజున ఎనిమిదిన్నర నుంచి పది వరకు బఫే తిరునాళ్లు. ఏడుకు తెరిస్తే ఏడుకే వెళ్లండి. మూసే ముందు అరగంట కూడా ఖాళీగానే ఉంటుంది గానీ అప్పటికి దోస తోలులా, పోహా ఇసుకలా అయి ఉంటాయి. హోటల్‌వాడిగా ఆ వేళకు వెళ్లమని నా నోట రాదు. పైగా అల్పాహారం తీసేసి మధ్యాహ్న భోజనం సర్దేలోగా కాసేపు మూసేస్తారు, మధ్యాహ్న భోజనం అయ్యాక కూడా అంతే. జనం ఉండరు కదా అని ఒక ముసలి దంపతులను నేనొకసారి మూడున్నరకు భోజనానికి రమ్మన్నాను. వారు వచ్చేసరికి వేడి గిన్నెలన్నీ ఎత్తేశాం. ఆ పూట వారు నా పుణ్యమా అని బిస్కెట్లు తిన్నారు.

ఓడ ఎక్కే రోజు మధ్యాహ్నం వేరే కథ. గదులు ఇంకా సిద్ధం కావు, చేతిలో సంచులు, కడుపులో ఆకలి. ఎక్కినవారంతా పై అంతస్తు బఫేకు పోతారు. అదే సమయంలో కింద పెద్ద భోజనశాల చాలా ఓడల్లో తెరిచే ఉంటుంది, ఆ సంగతి ఎక్కువమందికి తెలియదు. ఎక్కగానే కనిపించిన మొదటి సిబ్బందిని అడగండి. ఇంకా మంచిది, ఎక్కే వేళలు ఎంచుకోమన్నప్పుడు ఆఖరి విడతకు దగ్గరగా ఎంచుకోండి. మరీ ఆఖరి నిమిషం వద్దు, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

విడిగా డబ్బు కట్టి తినే చిన్న రెస్టారెంట్లు మొదటి రాత్రి దాదాపు ఖాళీ. అప్పటికి ఎవరికీ దారి కూడా తెలియదు. ఒక్క పూట ఖర్చు పెట్టదలిస్తే ఆ పూటే పెట్టండి. గదికే అల్పాహారం తెప్పించుకునే వీలున్న ఓడల్లో ఒక కార్డు నింపి రాత్రి తలుపుకు తగిలిస్తే చాలు.

వినోదానికి నేను తక్కువే చెబుతాను. నేను చూసిన వినోదమంతా తలుపు సందులోంచి. నాటకశాలలో సాధారణంగా రాత్రికి రెండు ఆటలు ఉంటాయి, అవి భోజనాల బంతులకు ఎదురుబొదురుగా నడుస్తాయి. మొదటి బంతివారు తిన్నాక చూస్తారు, రెండో బంతివారు చూసి తింటారు. ఏ ఆటైనా ముందు వరుసలు నిండిపోయి, పై అంతస్తు వెనుక మూలలు మిగిలిపోతాయి. తలుపు దగ్గర కూర్చోండి. అయిపోయాక అందరితో పాటు లేవకుండా పది నిమిషాలు ఆగండి. అంతకన్నా బాగుండేవి సాయంత్రం అయిదు గంటలప్పుడు చిన్న లాంజ్‌లలో జరిగే పాటలు. గాయకుడు పాడుతుంటాడు, వినేది ముగ్గురు. ఆరుబయట పెద్ద తెర మీద సినిమా వేసే ఓడైతే ఇంకేం కావాలి? ఓడ రేవులో నిలిచిన రోజు జనమంతా ఊరు చూడడానికి దిగిపోతారు. ఈత కొలను, గ్రంథాలయం, లిఫ్టు అన్నీ మీవే. క్యాసినో రేవులో మూసి ఉంటుంది, ఓడ తీరజలాలు దాటాక తెరుస్తారు. మావయ్య దాని వైపు కన్నెత్తి చూడనన్నారు. చూశారని అత్తయ్య చెప్పింది.

విశాఖ నుంచి బయలుదేరేటప్పుడు అందరూ ఫోటోల కోసం పై డెక్‌కు ఎక్కుతారు. మీరు ఎక్కవద్దు. చుట్టూ నడవడానికి వీలుగా కింద ఒక డెక్ ఉంటే అక్కడ కుడివైపు నిలబడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ నీటి మట్టం నుంచి పైకి చూస్తేనే గంభీరంగా ఉంటుంది. మరునాడు తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో అదే డెక్ మీద ఎడమవైపు సూర్యోదయం. ఓడ దక్షిణానికి పోతుంటే తూర్పు ఎడమ చేతికే కదా. ఆ వేళకు డెక్ కడిగే కుర్రాళ్లు తప్ప ఎవరూ ఉండరు, నీళ్ల గొట్టం చూసి నడవండి.

నా లెక్క ఒక్కచోట తప్పింది, అది వాన. జూన్‌లో నైరుతి రుతుపవనాల గాలి, అలలు. రెండో రోజు చినుకు పడగానే డెక్ మీది జనమంతా లోపలికి దూరారు. లైబ్రరీ, లాంజ్, మెట్లు, ఎక్కడా ఖాళీ లేదు. అప్పుడు గదికే పోవాలి, వేరే దారి లేదు. అయితే అదే రోజు రాత్రి భోజనశాల సగం ఖాళీగా ఉందని మావయ్య చెప్పారు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. సముద్రం ఊగిన రాత్రి సగం మంది గదుల్లో మంచానికి అంటుకుపోతారు. ఊపు అంటే భయమున్నవారు గది తీసుకునేటప్పుడే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. వాంతులు కాకుండా వేసుకునే మాత్ర ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఏ మాత్రో మీ డాక్టరును అడగండి. పచ్చ ఆపిల్ పండు, ఉప్పు బిస్కెట్లు అడిగితే మా వెయిటర్లు నవ్వకుండా తెచ్చిస్తారు.

దిగే రోజు ఉదయం మెట్ల దగ్గర, ముందు హాలులో సంచులతో జనం కిక్కిరిసి ఉంటారు. మీ వంతు పిలిచేదాకా వెనుక డెక్ మీద కూర్చోండి. సామాను మీరే మోసుకోగలిగితే మొదట్లోనే దిగిపోవచ్చు. రాత్రే గది బయట పెట్టేస్తే మాత్రం వారు కట్టిన చీటీ రంగును పిలిచేవరకు కదలడం దండగ.

చెన్నై నుంచి రైల్లో తిరిగివచ్చి, ఆమదాలవలసలో దిగిన రోజునే ఇద్దరూ హోటల్‌కు వచ్చారు, తొమ్మిదిన్నరకు. అత్తయ్యకు జలుబైనా చేయలేదు. కానీ ముఖం ముడుచుకునే ఉంది. "నువ్వు రాసిచ్చిన కాగితం పట్టుకుని మీ మావయ్య నన్ను మనిషి లేని చోట్లన్నీ తిప్పారు. అంత పెద్ద ఓడలో మాట్లాడడానికి ఒక్క ఆడమనిషి దొరకలేదు నాకు." అందుకని ఆ కాగితం చివర తరువాత ఒక వాక్యం కలిపాను: సాయంత్రం నాలుగున్నరకు వెనుక డెక్ మీద టీ ఇచ్చే చోటికి వెళ్లండి, ఆ వేళకు మనవాళ్లు నలుగురైనా చేరతారు, గాలి తగిలే వైపు కుర్చీ లాక్కుని కూర్చోండి.