వేటపాలెం లైబ్రరీలో పాత పత్రికలు వెతకాలంటే

పాత తెలుగు పత్రికల మీద పని చేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చీరాల పక్కన వేటపాలెం వెళ్ళాల్సిందే. అక్కడి సారస్వత నికేతనం లైబ్రరీ 1918లో మొదలైంది, 1929లో గాంధీజీ కూడా వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ దాచి ఉంచారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి లాంటివి ఏళ్ళ తరబడి బైండు చేసి కాపాడుకుంటూ వచ్చారంటే మామూలు విషయం కాదు.

అయితే ఉత్త చేతుల్తో వెళ్ళకండి. ఫలానా ఆయన కథ కావాలండీ అంటే ఎవరూ తీసివ్వలేరు, పత్రిక పేరు, సంవత్సరం, నెల చెప్పగలగాలి. రచనా సర్వస్వాల చివర, పీహెచ్‌డీ థీసిస్‌ల ఫుట్‌నోట్స్‌లో మొదట ఎక్కడ అచ్చయిందో ఉంటుంది, ముందు అది పట్టుకోండి.

అసలు తిప్పలు తేదీల దగ్గరే. చాలా చోట్ల ప్రభవ, విభవ అనే ఇస్తారు. ప్రభవ అంటే 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా, అక్కణ్ణుంచి వరసగా లెక్కేసుకోవచ్చు, కానీ అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి 1867 కూడా ప్రభవే, 1987 కూడా ప్రభవే, రచయిత ఏ కాలం వాడో చూసుకోవాలి. ఇంకోటి, సంవత్సరం మారేది ఉగాదికి కదా, అందుకని పుష్యం, మాఘం, ఫాల్గుణం అని ఉంటే చాలావరకు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వెళ్ళిపోతుంది. భారతి మొదటి సంచిక 1924 జనవరిది, అప్పటికి నడుస్తున్నది రుధిరోద్గారి, ఆ పేరు చూసి 1923 అని రాసుకున్నారనుకోండి, పత్రికే పుట్టని నెల కోసం వెతుకుతూ కూర్చుంటారు.

తేదీ తేలాక ముందు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్‌లో, ప్రెస్ అకాడమీ వాళ్ళు చేసిన పాత పత్రికల స్కాన్లలో చూడండి. అక్కడ దొరికితే ఆ కాగితాన్ని ముట్టుకునే పనే ఉండదు, దానికీ ఆయుష్షు పెరుగుతుంది. కేటలాగులో వెతికేటప్పుడు అరసున్న, బండి ఱ ఉన్న పాత స్పెల్లింగు కూడా ట్రై చేయండి.

బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచే వేళలు కనుక్కోండి, యూనివర్సిటీ వాళ్ళయితే గైడు దగ్గర లెటర్ తీసుకెళ్తే మంచిది. వేలు తడి చేసి పేజీ తిప్పడం మాత్రం అస్సలు వద్దు, ఆ కాగితం మడత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. బైండు మొత్తం తెరిచి నొక్కకండి, పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ వాడండి. ఫోటోలకి పర్మిషన్ అడగండి, ఫ్లాష్ ఆపేయండి, ప్రతి సంచికకీ ముందు అట్ట, తర్వాత పేజీలు తీయండి, లేకపోతే ఇంటికొచ్చాక ఏ పేజీ ఎందులోదో తెలీదు. సంపుటం, సంచిక, పుట నంబర్లు అక్కడే రాసేసుకోండి.

పని అయ్యాక మీరు చూసిన సంచికల విషయసూచిక ఒక కాపీ వాళ్ళకి పంపండి. తర్వాత వచ్చేవాళ్ళు దాని కోసం సంపుటం మొత్తం మళ్ళీ తిరగేయక్కర్లేదు.