ఫొటో పుట్టుపూర్వోత్తరాలు – 3వ పాఠం: ఒకే ఫైలులో మూడు గడియారాలు

కిందటి పాఠంలో అసలు ఫైలు ఎలా సంపాదించాలో చూశాం. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఎగ్జిఫ్ వివరాలు (తీసిన సమయం, లొకేషన్ లాంటివి ఫైలు లోపలే దాచి ఉంచే సమాచారం) దారిలోనే ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. కాబట్టి మొహమాటపడకుండా డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమని అడగండి. వివరాలు లేనంత మాత్రాన ఫొటో దొంగది అయిపోదు. మనకి ఇంకా ఏమీ తెలియదు, అంతే.

ఈ పాఠమంతా టైము గురించే. ఫోన్ గ్యాలరీ ఒక్క తేదీ చూపించి ఊరుకుంటుంది, మనకి అన్నీ కావాలి. అందుకని ఫైలుని ఎగ్జిఫ్‌టూల్‌లో తెరవండి. ఫిల్ హార్వే రాసిన ఈ ప్రోగ్రామ్ ఉచితం. పొడవాటి జాబితా చూసి కంగారు పడకండి, ఈ నాలుగు వరుసలు వెతికితే చాలు (అంకెలు ఉదాహరణకి వేసినవి):

తీసిన సమయం: 2024:08:14 18:42:07
టైమ్ జోన్ తేడా: +05:30
జీపీఎస్ సమయం: 13:12:05
మార్చిన సమయం: 2024:08:16 21:03:50

మొదటిది ఫోన్ గడియారం చెప్పిన మాట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎవరైనా దాన్ని వెనక్కి తిప్పగలరు. జీపీఎస్ సమయం అలా కాదు, అది లొకేషన్‌తో పాటు వస్తుంది, ఎప్పుడూ యూటీసీలోనే (మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. 13:12:05కి ఐదున్నర గంటలు కలపండి: 18:42:05. రెండు సెకన్ల తేడా, అంటే రెండు గడియారాలూ ఒకే మాట మీద ఉన్నాయి. ఫోన్ కాస్త ముందు పట్టుకున్న లొకేషన్‌నే వాడేస్తే కొన్ని నిమిషాల తేడా రావచ్చు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గంటల తేడా కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి.

ఇక్కడ నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఫైలు పేరులో ఒక టైము, లోపల ఐదున్నర గంటలు ఎక్కువగా ఇంకో టైము. దొరికిపోయాడు అనుకుని ఫొటో పంపినాయనకి పెద్ద మెసేజ్ కూడా పెట్టేశాను. తీరా చూస్తే అది పిక్సెల్ ఫోన్. పీఎక్స్‌ఎల్ అని మొదలయ్యే ఆ ఫైలు పేర్లలో టైము యూటీసీలో ఉంటుంది. సారీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మూడో గడియారం, అంటే మార్చిన సమయం, 16వ తేదీ అంటోంది. రెండు రోజుల తర్వాత ఏదో ప్రోగ్రామ్ ఫైలుని తిరగరాసిందన్నమాట. ఏ ప్రోగ్రామో తెలియాలంటే 'సాఫ్ట్‌వేర్' వరుస చూడండి. ఐఫోన్ తీసిన ఫొటోలో అక్కడ ఐఓఎస్ వెర్షన్ నంబరు ఉంటుంది. దాని బదులు ఫొటోషాప్ పేరు ఉంటే ఫొటో ఆ దారిన వచ్చినట్టే. లోపల ఏం చేశారన్నది ఆ పేరు చెప్పదు, వెలుతురు కాస్త పెంచి ఉండొచ్చు కూడా.

కంప్యూటర్‌లో ఫైలు పక్కన కనిపించే 'క్రియేటెడ్' తేదీని నమ్మకండి. చాలాసార్లు అది మీరు డౌన్‌లోడ్ చేసుకున్న టైమే.

ఇంకోటి, నాకు బాగా ఇష్టమైనది. చాలా ఫైళ్లలో స్టాంపు బిళ్లంత చిన్న బొమ్మ ఒకటి దాగి ఉంటుంది, థంబ్‌నెయిల్. కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాములు పెద్ద బొమ్మని కత్తిరించి, దీన్ని మార్చడం మర్చిపోతాయి. పెద్ద బొమ్మలో ఇద్దరుంటే, చిన్నదాంట్లో మూడో మనిషి భుజం కనిపిస్తుంది! ఎగ్జిఫ్‌టూల్‌తోనే దాన్ని బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఈ టైములన్నిటినీ అదే ప్రోగ్రామ్‌తో నిమిషంలో మార్చేయొచ్చు కదా అంటారా? మార్చొచ్చు. కానీ మార్చేవాళ్లు సాధారణంగా కనిపించే తేదీ ఒక్కటే మార్చి, జీపీఎస్‌నో థంబ్‌నెయిల్‌నో వదిలేస్తారు. అందుకే ఏ ఒక్క వరుసనీ సాక్ష్యంగా తీసుకోకుండా, వాటి మధ్య పొత్తు కుదురుతుందో లేదో చూస్తున్నాం.

ఇంటిపని: లొకేషన్ ఆన్ చేసి ఒక ఫొటో తీయండి. ఒక కాపీని కత్తిరించి సేవ్ చేయండి, ఇంకోదాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపుకోండి. మూడు ఫైళ్లలోనూ పై నాలుగు వరుసలు కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో జేపెగ్ ఫైలుని మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే మిగిలే గుర్తుల్ని ఇదే కాగితం పక్కన పెట్టుకుని చూద్దాం, పారేయకండి.