పక్కింట్లో దెబ్బల చప్పుడు వినిపించినప్పుడు పొరుగువారు చేయవలసినవి

కావలిలోనైనా ఒంగోలులోనైనా, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో ఒక స్త్రీ ఏడుపు వీధంతా వినిపిస్తుంది. అయినా మొగుడూ పెళ్ళాల గొడవలో మనమెందుకు తలదూర్చాలని టీవీ శబ్దం పెంచుకునేవారే ఎక్కువ. ఆ మౌనాన్ని కొట్టేవాడు తనకు దొరికిన అనుమతిగా తీసుకుంటాడు.

దెబ్బలు పడుతున్నప్పుడు 112కు ఫోన్ చేసి వీధి పేరు, ఇంటి ఆనవాలు, లోపల పిల్లలున్న సంగతి స్పష్టంగా చెప్పండి. ఒంటరిగా వెళ్ళి కలబడవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి తలుపు తట్టి, పెరుగు తోడు కావాలని అడిగినా బయట జనం వింటున్నారని అతనికి తెలుస్తుంది, ఆ క్షణానికి చెయ్యి ఆగవచ్చు.

మరునాడు అతను లేని వేళ ఆమెను పలకరించండి. "నువ్వేం చేశావమ్మా?" అని మాత్రం అడగకండి, ఆ ప్రశ్న మరో దెబ్బ. "నేనున్నానమ్మా, ఏం చేద్దామంటావు?" అనండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన స్త్రీలకు సాయపడే జిల్లాలోని సఖి కేంద్రం గురించి చెప్పి, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మీ ఇంట దాచిపెడతామనండి. ఇల్లు విడిచి వెళ్ళమని తొందరపెట్టవద్దు, నిర్ణయం ఆమెదే. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఆమె పేర లేకపోయినా అందులో నివసించే హక్కు ఆమెకుంది.

అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం, బాధిత స్త్రీలకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. "సర్దుకుపో తల్లీ" అని చెప్పి పంపే పెద్దమనుషుల పంచాయితీ, మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వుకు ప్రత్యామ్నాయం కాదు. మీరు విన్నదీ చూసిందీ తేదీ, సమయంతో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ఆమె కోర్టుకు వెళ్ళిన రోజున అది అక్కరకు వస్తుంది.