కులం, రేసిజం మీద మీటింగ్ పెడుతున్నారా? ఎవర్నీ పేరు పెట్టి లేపకండి

ఏప్రిల్ వస్తోంది, 11న ఫూలే జయంతి, 14న అంబేద్కర్ జయంతి, మనవాళ్ళు మళ్ళీ హాలు బుక్ చేసి "వివక్ష గురించి మనసు విప్పి మాట్లాడుకుందాం" అంటారు. మంచిదే, కానీ పోయిన వేసవిలో ఇక్కడ సియాటెల్లో జరిగింది చెప్తా వినండి. ఓ ఇరవై మందిమి కూర్చున్నాం, గంటసేపు బానే నడిచింది, ఇంతలో నడిపిస్తున్నాయన, మనసులో ఏ చెడూ లేకుండానే, మూల కూర్చున్న ఓ అమ్మాయి వైపు తిరిగి "నువ్వు చెప్పమ్మా, నీకైతే బాగా తెలిసుంటుంది కదా" అన్నాడు. అంతే. ఆ అమ్మాయి దళితురాలని అప్పటిదాకా ఇద్దరికో ముగ్గురికో తెలుసు, తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులన్నిటికీ తెలిసింది. దసరాకి రాలేదు, సంక్రాంతికీ రాలేదు.

కులవివక్షని నిషేధించిన మొదటి అమెరికన్ నగరం ఇదే కదా, 2023 ఫిబ్రవరిలోనే చేశారు కదా, ఇంకేం భయం అంటారేమో. అది ఉద్యోగం దగ్గర, అద్దిల్లు దగ్గర పనికొస్తుంది. పాట్‌లక్‌లో, అదే తలా ఓ వంటకం తెచ్చుకుని కలిసి తినే చోట, పక్కనున్నవాళ్ళు ప్లేటు తీసుకుని వేరే టేబుల్‌కి వెళ్ళిపోతే ఏ చట్టం ఆపుద్ది?

అరవకండి, మధ్యలో అడ్డురాకండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

పరిచయాలు: పేరు ఒక్కటే. ఇంటిపేరొద్దు, ఊరొద్దు, జిల్లా కూడా వద్దు, మనవాళ్ళకి జిల్లా దొరికితే చాలు ఇంకో రెండు ప్రశ్నల్లో కులం దాకా వెళ్ళిపోతారు.

చీటీలు: నోటితో చెప్పలేనివాళ్ళు రాసిస్తారు, బానే ఉంటది, కానీ చేతిరాత గుర్తుపడతారండీ! ఒకరు టైప్ చేసి, ఊళ్ళ పేర్లు తీసేసి చదవండి.

రేసిజం: 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో కాల్చి చంపిన సంగతి ఎత్తితే అందరికీ గొంతు పూడుకుపోతుంది, నాక్కూడా. కులం మాట రాగానే మాత్రం "ఇక్కడికొచ్చాక మనమంతా ఒకటే కదండీ" అని ఎవరో ఒకరు మొదలెడతారు. అక్కడే ఆపండి. నవ్వుతూనే ఆపండి, కానీ ఆపండి.

ఇంక మిగతావి వరసగా చెప్పేస్తా.

ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో.

ఎవర్నీ పేరు పెట్టి లేపకండి. "నువ్వు మాట్లాడితే మిగతావాళ్ళకి ధైర్యం వస్తది" అని కూడా అనకండి, అది ఇంకా ఘోరం, ఆమె ధైర్యం మీ మీటింగ్‌కి పెట్టుబడి కాదు.

ఎవరైనా చెప్పుకుంటే "నిజంగా అలా అన్నారా, జోక్‌గా అన్నారేమో" అనొద్దు.

పిల్లలు స్కూల్లో జరిగింది చెప్తుంటే "పట్టించుకోకు, చదువుకో" అనొద్దు.

బ్లాక్ పిల్లల గురించి ఇళ్ళల్లో మనం ఏం మాట్లాడతామో కూడా మాట్లాడండి. అది దాటేసే మీటింగ్‌కి నేను రాను.

మళ్ళీ చెప్తున్నా, లేపకండి. చూపుతో కూడా లేపకండి, ఇరవై తలలు ఒకేసారి ఒకరి వైపు తిరిగినా అదే లెక్క.

మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోతే వెనకాలే పరిగెత్తకండి. మర్నాడు ఒక్కరు, బాగా తెలిసినవాళ్ళు, ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్ళీ చేయకండి.