పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్ మార్చాలా? ముందు ఇవి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో సముద్రంలో చేపల వేట నిషేధం. బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ 61 రోజులు కదలకపోతే జూన్ 15 తెల్లవారుజామున ఒక్కోసారి స్టార్ట్ కాదు. తాడు లాగీ లాగీ చేతులు పడిపోయాక "ఇది పోయింది, కొత్తది కొనాల్సిందే" అంటూ అప్పు కోసం బయల్దేరతారు. ఆ టెన్షన్‌లో ఏదీ కొనకండి.

స్టార్ట్ కావట్లేదంటే: మొదటి అనుమానం పాత పెట్రోలు మీదే. నిల్వ ఉంటే కార్బురేటర్ సన్న రంధ్రాల్లో జిగురులా పేరుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ కడిగి, కొత్త ప్లగ్గులు వేయండి. అప్పటికీ కాకపోతే ప్లగ్గు తీసిన చోట కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టించండి. ఒక సిలిండర్ 100 పీఎస్ఐ చూపించి రెండోది 60 చూపిస్తే రింగులో పిస్టనో పోయి ఉండొచ్చు. ఉప్పు తిన్న పాత ఇంజిన్‌కి ఆ పని చేయించడం కంటే ఆ డబ్బు ఇంకో ఇంజిన్ మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం.

వేడెక్కి ఆగిపోతోందంటే: ఇంజిన్ పక్కనుంచి చిమ్మే నీటిధార చూడండి. సన్నబడితే ఆ గొట్టంలో ఇసుక ఉండొచ్చు, సన్నని తీగతో పొడవండి. అయినా రాకపోతే నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ మార్చాలి. మా బావ బోటుకి అదే మార్చాం. పాతదానికి రెండు రెక్కలు లేవు. ఆ ముక్కలు పైన నీటిదారిలో ఇరుక్కుని ఉన్నాయి, అవి తీసేదాకా వేడి తగ్గలేదు. కాబట్టి విరిగిన ప్రతి ముక్కా దొరికేదాకా వెతకండి.

ఇంజిన్ గట్టిగా తిరిగినా బోటు కదలట్లేదంటే: ఫ్యాన్ (ప్రొపెల్లర్) లోపలి రబ్బరు జారుతూ ఉండొచ్చు. లోపలి భాగం నుంచి బయటి భాగానికి పెయింటుతో ఒక గీత గీసి, నీళ్లలో నడిపి చూడండి. గీత తెగి పక్కకి జరిగితే ఫ్యాన్ మారిస్తే చాలు.

గేరు ఆయిల్ పాల టీలా వస్తే: లోపలికి నీళ్లు వెళ్తున్నాయి. వల దారం ఫ్యాన్ షాఫ్ట్‌కి చుట్టుకుని సీలు కోసేస్తుంది. దారం తీసి, సీళ్లు మార్చి, ఆయిల్ పోయండి.

ఇవన్నీ చూశాక కూడా మార్చక తప్పదనుకుంటే, సెకండ్ హ్యాండ్‌కి వెళ్లేముందు టేపు తీసుకోండి. బోటు వెనక పలక మీద ఇంజిన్ కూర్చునే అంచు నుంచి బోటు అడుగు భాగం దాకా కొలవండి. సుమారు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్ (కాలు పొట్టిగా ఉండే ఇంజిన్), 20 ఉంటే లాంగ్ షాఫ్ట్ కావాలి. ఇది తప్పితే ఎంత మంచి ఇంజినైనా గాలిని కొడుతుంది, లేదా నీళ్లలో ఈడ్చుకుంటుంది. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు తక్కువ తాగుతుంది కానీ బరువెక్కువ, మీ పలక మోయగలదో లేదో చూసుకోండి.

అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, "చల్లగా ఉంచండి, నేనే స్టార్ట్ చేస్తా" అని. వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా ఉంటే అనుమానించండి. గేజ్ మీరే పట్టుకెళ్లండి. బిల్లు, ఇంజిన్ నంబరు సరిచూడండి. మీ రేవులో స్పేర్ పార్టులు దొరికే బ్రాండే తీసుకోండి. డబ్బు కట్టకముందే మత్స్యశాఖ ఆఫీసులో సబ్సిడీ ఏమైనా ఉందేమో అడగండి.

తెచ్చాక ఇంపెల్లర్, గేరు ఆయిల్, ప్లగ్గులు ఎలా ఉన్నా మార్చేయండి. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ పాళ్లు దాని పుస్తకం ప్రకారమే కలపండి. చాలావాటికి 50:1, అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. మొదటిసారి డ్రమ్ము నిండా మంచినీళ్లు పోసి అందులోనే పది నిమిషాలు నడపండి, నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా వద్దు.